మూడు పిల్లులు, పదమూడు రక్త నమూనాలు

మా ఇంట్లో మూడు పిల్లులున్నాయి: మసి, గుమ్మడి, చిట్టి. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వాటి ఒంట్లోకి ఎప్పుడైనా చేరిందా అన్నది ఏడాది పొడవునా రక్తపరీక్షలతో కనిపెట్టి చెప్పే నిఘా పథకంలో వాటిని చేర్పించాను. మేము మొదటి నుంచీ వెళ్తున్న పెంపుడు జంతువుల ఆసుపత్రే దాన్ని నడుపుతోంది. మొన్నటితో ఏడాది పూర్తయింది. చేరవచ్చా, అంత అవసరమా అని పిల్లులున్న స్నేహితులు అడుగుతూనే ఉన్నారు గనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆసుపత్రి పేరు మాత్రం రాయను. కొన్ని విషయాల్లో వాళ్లను గట్టిగా తప్పుపట్టబోతున్నాను. అందులో సగం వాళ్లు ఆ తరవాత సరిదిద్దుకున్నారు కూడా.

ఇదంతా నా జ్వరంతో మొదలైంది. ఐదు రోజులు మంచం దిగలేదు. ముక్కులోంచి స్వాబ్ తీసి పరీక్ష చేయించి, ఇన్‌ఫ్లుయెంజా ఏ అని మా డాక్టరు తేల్చారు. ఆ ఐదు రోజులూ మసి నా గుండెల మీదే పడుకుంది. కాలిపోతున్న నా ఒళ్లు దానికి కుంపటి పక్కన ఉన్నంత హాయిగా అనిపించినట్టుంది. దగ్గు వచ్చినప్పుడల్లా తల ఎత్తి నా ముఖంలోకి చూసేది, దగ్గు ఆగగానే మళ్లీ గడ్డం కింద తల దూర్చేది. ఆరో రోజున నాకు జ్వరం దిగింది, దానికి తుమ్ములు మొదలయ్యాయి. మర్నాడు గిన్నె దగ్గరికి వెళ్లి, వాసన చూసి, ముట్టకుండా వెనక్కి వచ్చేసింది. మసి తిండి వదిలేయడం నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు.

మూడు రోజులు చూసి ఆసుపత్రికి ఫోను చేశాను. ఫోను ఎత్తిన అమ్మాయి ఫైలు తిరగేసి, "మసికి క్యాట్ ఫ్లూ టీకా వేసే ఉందండీ, ఫ్లూ రాదు, కంగారు పడకండి" అంది. నా మొదటి ఫిర్యాదు ఇదే. ఆ అమ్మాయి మంచితనంతోనే అంది, కానీ ఆసుపత్రిలో కూర్చున్న మనిషి అనాల్సిన మాట కాదు. క్యాట్ ఫ్లూ అని వాడుకలో పిలిచే జబ్బును తెచ్చేవి పిల్లుల హెర్పిస్ వైరస్, కెలిసి వైరస్. వాటికీ ఇన్‌ఫ్లుయెంజాకూ పేరులో తప్ప ఎక్కడా చుట్టరికం లేదు. మనం వేయించే టీకా ఆ రెండింటి నుంచీ, పాన్‌ల్యుకోపీనియా అనే మరో పిల్లుల వైరస్ జబ్బు నుంచీ కాపాడుతుంది. ఇన్‌ఫ్లుయెంజాను అది ఆపలేదు. ఈ ఒక్క పేరు వల్ల ఎంతమంది "మా పిల్లికి టీకా ఉందిలే" అనుకుని నిశ్చింతగా ఉన్నారో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అదృష్టవశాత్తూ నేను ఫోను పెట్టేయలేదు. డాక్టరు గారితో మాట్లాడతానని పట్టుబట్టాను. ఆమె రెండే ప్రశ్నలు అడిగారు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా? పిల్లుల్లో ఏదైనా పక్షిని పట్టుకుందా? రెంటికీ అవుననే చెప్పాల్సి వచ్చింది. నేను జ్వరంలో ఉన్న వారంలోనే చిట్టి డాబా మీద నుంచి చచ్చిన పక్షిని నోట కరచుకుని తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. నేను ఓపిక లేక ఒక కాగితంతో తీసి పారేసి ఊరుకున్నాను. అది విన్నాక ఆమె గొంతు మారింది. "మూడింటినీ తీసుకురండమ్మా. ముందు తలుపు నుంచి కాదు, పక్క తలుపు దగ్గర ఆగి ఫోను చేయండి" అన్నారు.

పక్క తలుపు తీసిన మనిషి మాస్కు, చేతి తొడుగులు, కళ్లకు అద్దాలతో ఉన్నాడు. అప్పటికి నాకు భయం వేసినా, వాళ్లు పనిని ఎంత శ్రద్ధగా చేస్తారో ఆ ఒక్క దృశ్యంతో తెలిసింది. 2016 చివర్లో న్యూయార్క్ నగరంలోని పిల్లుల ఆశ్రయాల్లో హెచ్7ఎన్2 అనే ఇన్‌ఫ్లుయెంజా పాకినప్పుడు, జబ్బు పడిన పిల్లులకు వైద్యం చేసిన ఒక పశువైద్యుడికి కూడా అది సోకింది. స్వల్పంగా వచ్చి తగ్గిపోయింది. ఆ సంగతి తెలిసిన ఆసుపత్రి ఏదైనా పక్క తలుపే తెరవాలి.

రక్తం తీసే విధానం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పిల్లులున్న వాళ్లందరికీ అసలు భయం అక్కడే. ఆ గదిలో కుక్కల వాసన లేదు, మొరుగు వినపడదు. బల్ల మీద రబ్బరు చాప, దాని మీద మెత్తటి తువ్వాలు. మసిని ఆ తువ్వాలులో పసిపిల్లను చుట్టినట్టు చుట్టి, వెనక కాలు ఒక్కటి బయటికి తీశారు. తొడ లోపలి వైపు వెంట్రుకలను స్పిరిట్‌తో తడిపి పక్కకు దువ్వగానే సన్నటి నీలి గీత కనబడింది. ఆ సహాయకుడు దాని చెవుల మధ్య వేలితో నెమ్మదిగా రాస్తూ ఉన్నాడు. సూది దిగినప్పుడు మసి ఒక్కసారి తోక కొట్టింది, అంతే. రెండు మిల్లీలీటర్ల లోపే తీశారు. నాలుగు కిలోల పిల్లి ఒంట్లో దాదాపు పావు లీటరు రక్తం ఉంటుంది కాబట్టి అది నూటికి ఒక వంతు కూడా కాదని చెప్పి నా మనసు కుదుటపరిచారు. గుమ్మడికి సూది గుచ్చిన సంగతే తెలిసినట్టు లేదు.

చిట్టి విషయంలో మాత్రం పని చెడింది. అది ఇద్దరిని గీరింది. మూడోసారికి గాని నరం దొరకలేదు, దొరికాక తొందర తొందరగా సిరంజి లాగారు. రక్తం గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన తేలేదే సీరం. మిగతా రెండు గొట్టాల్లో అది ఎండుగడ్డి రంగులో తేటగా ఉంది. చిట్టి గొట్టంలో పల్చటి గులాబీ రంగు కనబడింది. అదేమిటని అడిగాను. పరవాలేదన్నారు. మూడు వారాల తరవాత రెండో నమూనా తీసినప్పుడూ అదే వరస, అదే గులాబీ రంగు. ఈ రంగు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

అదే రోజు ముక్కు నుంచీ గొంతు నుంచీ స్వాబ్‌లు కూడా తీసి పీసీఆర్‌కు పంపారు. మూడింటిలోనూ వైరస్ దొరకలేదు. నేను సంతోషించబోతుంటే డాక్టరు గారు ఆపారు. వైరస్ పిల్లి ముక్కులో కొద్ది రోజులే ఉంటుందట. మసికి తుమ్ములు మొదలైన నాలుగో రోజుకు గాని మేము వెళ్లలేదు. స్వాబ్‌లో కనబడనంత మాత్రాన రాలేదని కాదు, అప్పటికే వచ్చి వెళ్లిపోయి ఉండవచ్చు. వెళ్లిపోయిన అతిథి అడుగుజాడ ఉండేది రక్తంలోనే. వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలు రక్తంలోకి రావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది కనుక ఆ రోజు తీసిన రక్తం, మూడు వారాల తరవాత తీసే రక్తం, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. అప్పుడే నన్ను ఏడాది పథకంలో చేరమన్నారు: జబ్బు నాటి నమూనా, మూడు వారాలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి, ఏడాదికి ఒకటి. పిల్లికి నాలుగు చొప్పున పన్నెండు. పదమూడోది ఎందుకు వచ్చిందో కింద చెబుతాను.

సంతకం పెట్టిన కాగితంలో ఒక మాట నాకు నచ్చింది. హెచ్5 రకం, అంటే బర్డ్ ఫ్లూ, అనుమానం బలపడితే ఆ విషయాన్ని ప్రభుత్వ పశు ఆరోగ్య శాఖకు తెలియజేస్తామని, దాచిపెట్టమని మీరు కోరినా కుదరదని స్పష్టంగా రాసి ఉంది. ఇంకొకటి, ఇది వైద్యం కాదని, ఈ పరీక్షల వల్ల పిల్లికి రక్షణ రాదని కూడా మొదటి పేజీలోనే రాశారు. సేవ అమ్ముకునేవాళ్లు సాధారణంగా ఇలాంటి మాటలు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో పెడతారు.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. మూడు వారాల నమూనాల నివేదిక రాత్రి పదిన్నరకు నా ఫోనుకు వచ్చింది. ఒకే పేజీ. మసి పేరు ఎదురుగా ఎర్ర అక్షరాల్లో "ఇన్‌ఫ్లుయెంజా ఏ: పాజిటివ్". చిట్టి ఎదురుగా నారింజ రంగులో "సందేహాస్పదం". గుమ్మడి ఎదురుగా ఆకుపచ్చలో "నెగెటివ్". కింద ప్రయోగశాల ముద్ర. ఇంకేమీ లేదు. ఆసుపత్రి ఫోను ఆ వేళకు పని చేయదు.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. అప్పటికే చదివినవన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందుకు వచ్చాయి. 2023 వేసవిలో పోలండ్‌లో పిల్లులు వరసగా చనిపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన లెక్క నాకు కంఠతా వచ్చు: జులై 11 నాటికి 46 పిల్లులు, కారకల్ అనే అడవిపిల్లి జాతి పెంపుడు జంతువు ఒకటి, కలిపి 47 నమూనాలు పరీక్షిస్తే 29లో హెచ్5ఎన్1 దొరికింది. 2024లో టెక్సస్‌లోని ఒక పాడి క్షేత్రంలో జబ్బు పడిన ఆవుల పచ్చిపాలు తాగిన పిల్లులు సుమారు ఇరవై నాలుగింటిలో సగానికి పైగా చనిపోయాయి. కొన్నింటికి చూపు పోయింది, కొన్ని ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయాయి. ఆ వర్ణన చదివినప్పటి నుంచీ నేను మరిచిపోలేదు. మసిని పక్క గదిలో పెట్టి తలుపు వేశాను. అది తెల్లవారేదాకా తలుపు గీకుతూనే ఉంది. నేను ఇవతల నేల మీద కూర్చుని దాని పేరు పిలుస్తూ ఉన్నాను.

పొద్దున్నే ఆసుపత్రి తలుపు తీయకముందే వెళ్లి నిలబడ్డాను. డాక్టరు గారు నన్ను చూసి విషయం అర్థం చేసుకున్నారు. "ఆ కాగితం మీకు అలా రాకూడదమ్మా, తప్పు మాదే" అని, తన గదిలో కూర్చోబెట్టి నలభై నిమిషాలు మాట్లాడారు. ఈ సేవలో నాకు దక్కిన అత్యంత విలువైన నలభై నిమిషాలు అవే. ఆ రాత్రికి ముందే ఫోనులో ఐదు నిమిషాలు చెప్పి ఉంటే ఆ జాగారం తప్పేది.

ఆమె చెప్పినది నాకు అర్థమైనంత వరకు ఇది. మొదట చేసేది ఎలైసా. ఇన్‌ఫ్లుయెంజా ఏ రకాలన్నింటిలోనూ దాదాపు ఒకేలా ఉండే లోపలి ప్రోటీను ఒకటుంది. దాని మీద యాంటీబాడీలు ఉన్నాయా అని మాత్రమే ఆ పరీక్ష అడుగుతుంది. మనుషుల జలుబు జ్వరపు రకమా, పక్షుల రకమా అన్నది దానికి తెలియదు. అందుకే పాజిటివ్ అంటే "ఎప్పుడో ఏదో ఒక ఇన్‌ఫ్లుయెంజా ఏ తగిలింది" అనే తప్ప, "ఇప్పుడు జబ్బుగా ఉంది" అని గాని "బర్డ్ ఫ్లూ వచ్చింది" అని గాని కాదు. అంత చిన్న సంగతిని ఎర్ర అక్షరాల కింద ఒక్క వాక్యంగా రాయడానికి ఏమడ్డం వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను లెక్కల పుస్తకాలు చూసే ఉద్యోగంలో ముప్పై ఏళ్లు గడిపినదాన్ని. అంకె కనబడితే దాని వెనక ఏముందో తెలిసేదాకా వదలను. అందుకే ముడి అంకెలు అడిగాను. అక్కడ రెండు చిక్కులు వచ్చాయి. వాళ్లు వాడిన ఎలైసాలో రంగు ఎంత తక్కువ వస్తే యాంటీబాడీలు అంత ఎక్కువ. పిల్లి యాంటీబాడీ, రంగు తెచ్చే యాంటీబాడీ ఒకే కుర్చీ కోసం పోటీ పడతాయి. పిల్లిది ముందే కూర్చుంటే రంగుకు చోటు ఉండదు. రెండో చిక్కు టైటర్, అంటే ఎలైసా తరవాత ఏ రకం వైరస్సో తేల్చడానికి చేసే విడి పరీక్షలో వచ్చే అంకె. 1:160 అంటే 160లో ఒక వంతు గనుక 1:10 కంటే చిన్నది కదా, మరి ఎక్కువ అంటారేమిటని అడిగాను. డాక్టరు గారు కాగితం తీసి పన్నెండు గుంటలు గీశారు.

ఆ బొమ్మ నా దగ్గర ఇప్పటికీ ఉంది. మొదటి గుంటలో సీరాన్ని పది రెట్లు పల్చన చేస్తారు, తరవాతి దానిలో ఇరవై, తరవాత నలభై, ఎనభై, నూట అరవై, అలా రెట్టింపు చేసుకుంటూ పోతారు. ప్రతి గుంటలోనూ ఒకే కొలత వైరస్ యాంటిజెన్ వేస్తారు. చివరగా టర్కీ కోడివో గినీ పందివో ఎర్ర రక్తకణాలు కలుపుతారు. యాంటీబాడీలు లేకపోతే వైరస్ ఆ కణాలను ఒకదానితో ఒకటి అల్లి వలలా పరుస్తుంది, గుంట అడుగంతా మసక ఎరుపు పరుచుకుంటుంది. యాంటీబాడీలు ఉంటే వైరస్ చేతులు కట్టేసినట్టవుతుంది, కణాలన్నీ జారి అడుగున ఒక గుండ్రటి ఎర్ర బొట్టుగా కూర్చుంటాయి. ఎంత పల్చన చేసినా ఎక్కడిదాకా బొట్టు నిలిచిందో అదే టైటర్. నూట అరవై రెట్లు నీళ్లు కలిపినా ఇంకా వైరస్‌ను ఆపగలిగిందంటే ఆ సీరంలో సత్తా ఎక్కువన్నమాట. ఆ తరవాత వారానికి ప్రయోగశాల వాళ్లు పళ్లెం ఫొటో పంపారు. పళ్లాన్ని ఏటవాలుగా పట్టుకుని తీసింది. మసి వరసలో ఐదు గుంటల్లో బొట్లు కిందికి కన్నీటి చుక్కల్లా జారుతున్నాయి. ఆరో గుంట నుంచి అంతా మసక. నేను ఆ ఐదింటినీ వేలితో లెక్కపెట్టాను.

ఇన్నీ చూసి తేలింది ఏమిటంటే, మసికి మనుషుల్లో తిరిగే హెచ్1ఎన్1 మీద జబ్బు నాటి నమూనాలో పదికి లోపు, మూడు వారాల నమూనాలో 1:160. మనుషుల్లోనే తిరిగే మరో రకం హెచ్3ఎన్2 మీద రెండింటిలోనూ పదికి లోపే. హెచ్5 మీదా పదికి లోపే. అంటే దానికి జబ్బు అంటించింది చచ్చిన పక్షి కాదు, నేను. 2009లో కూడా ఇలాగే జరిగిందని డాక్టరు గారు చెప్పారు. ఆ నవంబరులో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 13 ఏళ్ల ఇంటి పిల్లికి, ఇంట్లో మనుషులు జ్వరపడ్డాక, అదే హెచ్1ఎన్1 సోకినట్టు నిర్ధారించారు. అది కోలుకుంది. మసి కూడా ఐదో రోజుకే మళ్లీ గిన్నె నాకింది. అంతకంటే పాత సంగతి మరొకటి: 1968లో మనుషుల్లో పాకిన హాంకాంగ్ ఫ్లూ వైరస్ ఇంటి పిల్లులకు సోకుతుందని చూపిన పరిశోధన 1970లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. యాభై ఏళ్లకు పైగా తెలిసిన విషయం మన దాకా ఎందుకు రాలేదో నేను చాలాసేపు ఆలోచించాను. జ్వరం వచ్చినప్పుడు పసిపిల్లలను దూరంగా ఉంచమని అందరూ చెబుతారు. పిల్లిని దూరంగా ఉంచమని నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక చిట్టి "సందేహాస్పదం". డాక్టరు గారు ఫైలు తిరగేస్తుంటే నేనే ఆ గులాబీ రంగు గుర్తుచేశాను. ఆమె ప్రయోగశాలకు ఫోను చేసి అడిగారు. ఎర్ర కణాలు పగిలి సీరంలో కలిస్తే ఆ రంగు వస్తుంది, అలాంటి నమూనాతో ఫలితం అటూ ఇటూ కావచ్చు. నమూనా అందుకున్న వాళ్లు ఆ సంగతి రాసి పెట్టాలి, రాయలేదు. రెండు వారాల తరవాత పదమూడో నమూనా తీశారు. ఈసారి చిట్టికి ముందుగానే మత్తు మందు కొద్దిగా ఇచ్చి, గదిలో దీపం తగ్గించి, సిరంజి నెమ్మదిగా లాగారు. సీరం తేటగా వచ్చింది. ఫలితం శుభ్రంగా నెగెటివ్. దానికి అదనంగా రుసుము తీసుకోలేదు. తీసుకుని ఉంటే నేను ఊరుకునేదాన్ని కాదు. ఆ రెండు వారాలూ ఇంట్లో మేమందరం జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడటం ఏమైనా ఉన్నాయా అని రోజూ చూసుకున్నాం. చిట్టి ఎప్పటిలాగే పరదాలు ఎక్కుతూ గడిపింది.

ఆరు నెలల పరీక్ష గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మసి టైటర్ 1:40కి దిగింది, మిగతా రెండూ నెగెటివ్. నివేదిక రూపం మారింది. రంగులు తీసేశారు, ప్రతి ఫలితం కింద రెండు వాక్యాల వివరణ చేర్చారు, అంతకు ముందు రోజు డాక్టరు గారు స్వయంగా ఫోను చేశారు.

ఏడాది పరీక్ష మాత్రం నేను అనుకోని చోట దెబ్బ కొట్టింది. గుమ్మడి పాజిటివ్ వచ్చింది. గుమ్మడి ఏడాది మొత్తంలో ఒక్కసారి తుమ్మలేదు, ఒక్క పూట తిండి మానలేదు, గడప దాటలేదు. విడి పరీక్షలో హెచ్3ఎన్2 మీద 1:40. నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. చిట్టి నమూనాలా ఇదీ చెడిందేమో అన్నాను. అప్పుడు డాక్టరు గారు చేసిన పని చూసి ఈ పథకం మీద నాకు గౌరవం పెరిగింది. ఆరు నెలల నాడు తీసిన గుమ్మడి సీరంలో మిగిలినది ఫ్రీజరులో దాచి ఉంది. దాన్ని బయటికి తీయించి, పాతదీ కొత్తదీ ఒకే పళ్లెంలో, ఒకే రోజున, పక్కపక్క వరసల్లో వేయించారు. ఈ పరీక్షలో ఒక పళ్లెం నుంచి ఇంకో పళ్లేనికి ఒక గుంట తేడా రావడం మామూలే కాబట్టి వేరువేరు రోజుల అంకెలను నేరుగా పోల్చకూడదట. రెండు గుంటలు, అంటే నాలుగు రెట్లు తేడా ఉంటేనే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. పిల్లి సీరంలో సహజంగా ఉండే కొన్ని పదార్థాలు కూడా దొంగ బొట్లు చూపగలవు గనుక ముందు రోజు రాత్రంతా సీరాన్ని ఎంజైముతో శుద్ధి చేస్తారని కూడా అప్పుడే తెలిసింది. ఫలితం వచ్చింది. పాత వరసలో మొదటి గుంట నుంచే మసక. కొత్త వరసలో మూడు బొట్లు.

అంటే ఆ ఆరు నెలల మధ్యలో గుమ్మడికి ఇన్‌ఫ్లుయెంజా వచ్చి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది. ఎప్పుడు? రక్తం ఆ మాట చెప్పదు. పథకంలో చేరినవాళ్లకు ఒక పుస్తకం ఇస్తారు. ఇంట్లో ఎవరికి జ్వరం, ఏ పిల్లి తుమ్మింది, ఎంత తింది, పక్షి దొరికిందా, పచ్చి మాంసం గాని పచ్చిపాలు గాని తాకిందా అని రోజుకో గీత. వృత్తి అలవాటు వల్ల నేను ఒక్క రోజూ ఖాళీ వదల్లేదు. వెనక్కి తిప్పుకుంటూ పోతే ఎనిమిదో నెలలో మా అమ్మాయికి నాలుగు రోజుల జ్వరం, పొడి దగ్గు. గుమ్మడి పడుకునేది మా అమ్మాయి గదిలోనే, దుప్పటి లోపల. మా అమ్మాయికి అప్పుడు పరీక్ష చేయించలేదు గనుక రుజువు లేదు. కానీ ఆ ఆరు నెలల్లో ఇంట్లో జ్వరం అన్న మాట ఉన్న గీతలు ఆ నాలుగే. డాక్టరు గారు ఆ పేజీ ఫొటో తీసుకుని ఫైలులో పెట్టుకున్నారు. "మీలాగా రాసేవాళ్లు ఉంటే మా పని సగం తేలికవుతుందమ్మా" అన్నారు. ఆ పుస్తకంలో ఇంటికి వచ్చిపోయేవాళ్ల కోసం ఒక గడి చేర్చమని సూచించాను. దగ్గుతూ వచ్చిన చుట్టం పిల్లిని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే అది ఎక్కడా నమోదు కావడం లేదు.

ఈ ఏడాదిలో మా ఇంట్లో కొన్ని మారాయి. ఎవరికి దగ్గు వచ్చినా మాస్కు పెట్టుకుని, పిల్లులున్న గదికి వెళ్లకుండా వేరే వాళ్లతో తిండి పెట్టిస్తున్నాం. డాబాకు వల కట్టించాను. మాంసం తరిగేటప్పుడు పచ్చి ముక్క ఒకటి విసిరే అలవాటు నాకు ఉండేది, మానేశాను. ఫ్రీజరులో పెడితే వైరస్ చస్తుందని నేను అనుకునేదాన్ని, చావదు. ఉడికించాలి. బయటి నుంచి వచ్చిన చెప్పులు గుమ్మం అవతలే.

ఎవరు చేరాలి అంటే నా అభిప్రాయం చెబుతాను. పిల్లి ఒక్కటే ఉండి, ఎప్పుడూ బయటికి వెళ్లకుండా, వండిన తిండే తింటుంటే ఈ డబ్బు దాని పళ్లు చూపించడానికి పెట్టండి. ఎక్కువ పిల్లులున్నవాళ్లు, దిక్కులేని పిల్లులను చేరదీసేవాళ్లు, పిల్లి వేటాడి తెచ్చే ఇళ్లు, కోళ్ల ఫారాల్లోనో పాడి క్షేత్రాల్లోనో పని చేసి ఇంటికి వచ్చేవాళ్లు తప్పకుండా ఆలోచించాలి. ఒక్కసారి రక్తం ఇచ్చి వెళ్లిపోదామనుకుంటే మాత్రం వద్దు. ఒక్క అంకెతో భయమైనా మిగులుతుంది, అనవసరమైన ధైర్యమైనా మిగులుతుంది. చేరేముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోండి: మిగిలిన సీరం దాచి ఉంచుతారా, పాతదీ కొత్తదీ ఒకే పళ్లెంలో చూస్తారా, ఫలితం పంపే ముందు మనిషి ఎవరైనా ఫోను చేస్తారా. మా ఆసుపత్రి మొదటి రెండూ మొదటి నుంచీ చేసింది, మూడోది నేను పోట్లాడాక మొదలుపెట్టింది. ఫోను ఎత్తే అమ్మాయి కూడా ఇప్పుడు టీకా మాట వస్తే, అది ఇన్‌ఫ్లుయెంజాకు కాదండీ అని తనే చెబుతోంది. మొన్న నా ఎదుటే ఇంకొకరికి చెప్పింది.

రెండో ఏడాదికి మూడు పేర్లూ రాయించాను. చిట్టి ఫైలు మీద పెద్ద అక్షరాలతో "ముందుగా మత్తు, సిరంజి నెమ్మదిగా, సీరం రంగు రాయాలి" అని రాయమని అడిగాను. డాక్టరు గారు నా ఎదుటే రాసి, ఫైలు ఇటు తిప్పి చూపించారు.